ఖాకీ విప్పి... బంతి వెంట!

ఢిల్లీలో 1950 డ్యూరాండ్ కప్ ఫైనల్. ఒకవైపు కలకత్తా మోహన్‌బగాన్. 1911లో బూట్లేసుకున్న ఇంగ్లిషు సైనికుల్ని ఉత్తి కాళ్లతో ఓడించి దేశమంతా పేరు మార్మోగించుకున్న జట్టు. రెండోవైపు... హైదరాబాద్ సిటీ పోలీస్!

పేరు వింటే నవ్వొస్తుంది. పోలీసులంటే దొంగల్ని పట్టుకోవాలి, ట్రాఫిక్ చూసుకోవాలి, ఊరేగింపులకు బందోబస్తు వేయాలి. కోటలాంటి మోహన్‌బగాన్‌తో వీళ్లకేం పని? ఆ రోజు నవ్వినవాళ్లు ఉండే ఉంటారు. మ్యాచ్ అయ్యేసరికి స్కోరు 2-2. ఎవరూ గెలవలేదు. మళ్లీ ఆడించారు. రెండో మ్యాచ్‌లో పోలీసులు ఒక్క గోలు కొట్టారు. అవతలి జట్టుకు ఆ ఒక్కటి కూడా దక్కలేదు.

యుద్ధం వల్ల, దేశ విభజన వల్ల చాలా ఏళ్లు ఆగిపోయిన డ్యూరాండ్ మళ్లీ మొదలైంది ఆ ఏడాదే. అంటే స్వతంత్ర భారతంలో తొలి డ్యూరాండ్ విజేత కలకత్తా జట్టు కాదు, బొంబాయి జట్టు కాదు... నెల జీతానికి పనిచేసే మన పోలీసుల జట్టు. ఈ ముక్క హైదరాబాదులోనే ఎంతమందికి తెలుసన్నది అడక్కపోవడమే మంచిది.

నిజాం కాలం నుంచే

ఈ జట్టు కథ డ్యూరాండ్‌తో మొదలవలేదు. నిజాం పాలనలోనే సిటీ పోలీసుకు ఫుట్‌బాల్ జట్టుంది. దానికి 'సిటీ ఆఫ్ఘన్స్' అని ఇంకో పేరు. 1943లో బెంగుళూరు వెళ్లి, రాయల్ ఎయిర్ ఫోర్స్ జట్టును ఓడించి ఆష్ గోల్డ్ కప్ పట్టుకొచ్చారు. యుద్ధం రోజులు. బెంగుళూరు నిండా తెల్ల సైనికులు. వాళ్ల ఆటలో, వాళ్ల కంటోన్మెంటు ఊళ్లో, వాళ్లనే ఓడించి రావడమంటే చిన్న సంగతి కాదు.

అప్పటి జంట నగరాల్లో ఫుట్‌బాల్‌కు నేల కొదవ లేదు. సికింద్రాబాద్, బొల్లారం, తిరుమలగిరి వైపు సైన్యం మైదానాలు. లాలాగూడలో రైల్వే వాళ్లు. పాతబస్తీ దాటితే బార్కాస్, అక్కడ ఈ ఆటంటే ఇప్పటికీ ప్రాణమిచ్చేవాళ్లున్నారు. ఊరి మధ్యలో ఫతే మైదాన్... అదే తర్వాత లాల్ బహదూర్ స్టేడియం అయింది. బంతి ఒక్కటుంటే చాలు, ఇరవై ఇద్దరు ఆడుకోవచ్చు. క్రికెట్‌కు కావలసినంత సరంజామా అక్కర్లేదు. అందుకే కూలివాడి కొడుకూ, గుమాస్తా కొడుకూ, సిపాయి కొడుకూ ఒకే మైదానంలో దొరికేవాళ్లు. అలాంటి కుర్రాళ్లలో బాగా ఆడేవాణ్ని పోలీసు శాఖ చూసుకునేది. ఉద్యోగమిచ్చేది.

ఇక్కడో విషయం చెప్పుకోవాలి. ఈ ఆటగాళ్లు అమెచ్యూర్లు. ఆడినందుకు డబ్బు తీసుకునే వృత్తి ఆటగాళ్లు కారు. బతుకుతెరువు పోలీసు ఉద్యోగం. అందుకే ఒలింపిక్స్‌కు వెళ్లడానికి అడ్డు లేకపోయింది. అప్పటి ఒలింపిక్స్‌లో వృత్తి ఆటగాళ్లకు ప్రవేశం లేదు. 'ఉద్యోగమిచ్చి ఆడించడం కూడా డబ్బిచ్చినట్టే కదా' అని సణిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. అలా అయితే మాస్కో డైనమో కూడా సోవియట్ పోలీసు వ్యవస్థ పెట్టిన క్లబ్బే. మనవాళ్లు వాళ్ల దారిలోనే ఉన్నారు, వాళ్లకున్నంత సౌకర్యం లేకుండా!

పోలీసుల గురువు పంతులుగారు

ఈ జట్టును దేశంలోకెల్లా గొప్ప జట్టుగా చేసినాయన పోలీసు కాదు. బడిపంతులు. సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో చదివారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పారు. కుర్రతనంలో తనూ ఆడారు. కానీ ఆయనకు ఆట కాళ్లలో కంటే తలలో ఎక్కువుంది. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. కన్నుమూసేదాకా ఆ పదవిలోనే ఉన్నారు. 1950లో సిటీ పోలీస్ జట్టు ఆయన చేతికొచ్చింది. భారత జట్టు బాధ్యత కూడా దాదాపు అప్పుడే వచ్చింది. అందరికీ ఆయన 'రహీం సాబ్'.

పంతులు కదా, తప్పు ఎక్కడుందో ఆయనకు ఇట్టే తెలిసిపోయేది. మన కుర్రాళ్లకు బంతి దొరికితే వదలబుద్ధి కాదు. ఇద్దర్ని తప్పించుకుని, ముగ్గుర్ని తప్పించుకుని, జనం చప్పట్లు కొడుతుంటే నాలుగోవాడి కాళ్ల దగ్గర పోగొట్టుకుంటారు. చూడ్డానికి ముచ్చటే, కానీ గోలు పడదు. రహీం సాబ్ తిట్టలేదు. కర్ర పట్టుకోలేదు. డ్రిబ్లింగ్ చేయకూడదన్న నిబంధనతో పోటీలు పెట్టారు! బంతి వచ్చిందా, పక్కవాడికి ఇచ్చేయాలి. మొదట్లో కుర్రాళ్లకు చేతులు కట్టేసినట్టు ఉండి ఉంటుంది. ఆడగా ఆడగా, బంతి రాకముందే 'ఎవరికివ్వాలి' అని చూసుకోవడం అలవాటైంది.

ఇంకో పోటీ ఉంది. అది మరీ చిత్రం. అలవాటైన కాలితో కాక రెండో కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం వాడు ఎడమకాలితో, ఎడమకాలి వాడు కుడికాలితో. కుడిచేత్తో రాసేవాణ్ని ఎడమచేత్తో రాయమన్నట్టు. నవ్వులాటగా మొదలైన ఈ కసరత్తు వల్ల హైదరాబాదు ఆటగాడికి రెండు కాళ్లూ ఒకేలా పనిచేయడం మొదలుపెట్టాయి. ఎదుటివాడికి ఎటువైపు కాపు కాయాలో తెలిసేది కాదు. విదేశీ కోచ్‌లు లేరు, వీడియోలు లేవు, పుస్తకాలు కూడా అంతంతమాత్రమే. బడిలో ఎక్కాలు నేర్పే పద్ధతినే మైదానంలోకి తీసుకొచ్చారాయన.

ఒకటి కాదు, రెండు కాదు

ఆ రోజుల్లో దేశంలో మూడు కప్పులు పెద్దవి. సిమ్లాలో 1888లో మొదలైన డ్యూరాండ్. బొంబాయిలో 1891 నుంచి జరిగిన రోవర్స్. కలకత్తాలో ఐఎఫ్ఏ షీల్డ్. బొంబాయి కూపరేజ్ మైదానంలో జరిగే రోవర్స్ కప్‌ను సిటీ పోలీస్ 1950లో గెలిచింది. 1951లో గెలిచింది. 1952లో గెలిచింది. 1953లో గెలిచింది. 1954లోనూ గెలిచింది. వరుసగా ఐదేళ్లు!

ఒక్కసారి ఆలోచించండి. ఏటా హైదరాబాదు నుంచి రైలెక్కడం, బొంబాయిలో దిగడం, కలకత్తా జట్లూ, సైన్యం జట్లూ, బొంబాయి మిల్లుల, కంపెనీల జట్లూ అన్నీ కాచుకుని ఉంటే, అందర్నీ దాటుకుని కప్పుతో తిరిగి రావడం. మొదటి ఏడు అదృష్టమనొచ్చు. రెండో ఏడు ఊపు అనొచ్చు. ఐదో ఏడు ఏమనాలి?

తర్వాతా ఆగలేదు. 1957లో రోవర్స్ మళ్లీ వచ్చింది. డ్యూరాండ్ 1954లో ఒకసారి, 1957లో ఈస్ట్ బెంగాల్‌ను ఓడించి ఇంకోసారి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కొన్నాళ్లకు జట్టు పేరు ఆంధ్రప్రదేశ్ పోలీస్‌గా మారింది. ఆ పేరుతో 1960లో రోవర్స్, 1961లో మోహన్‌బగాన్ మీద డ్యూరాండ్. 1962 రోవర్స్‌ను ఈస్ట్ బెంగాల్‌తో పంచుకున్నారు. 1963లో మళ్లీ సొంతంగా. లెక్క చూసుకుంటే 14 ఏళ్లలో తొమ్మిది రోవర్స్ కప్పులు, నాలుగు డ్యూరాండ్లు. రాష్ట్ర జట్టు సంగతీ తీసిపోలేదు. సంతోష్ ట్రోఫీని 1956-57, 1957-58ల్లో హైదరాబాదు వరుసగా గెలుచుకుంది.

హెల్సింకీ చలి, మెల్‌బోర్న్ వెలుగు

సిటీ పోలీస్ జెర్సీ వేసుకున్నవాళ్లు దేశం జెర్సీ వేసుకోవడానికి ఎన్నాళ్లో పట్టలేదు. హాఫ్‌బ్యాక్ నూర్ మహమ్మద్, వెనకాల గోడలా నిలిచే అజీజుద్దీన్... ఇద్దరూ 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఆడారు. ఫైనల్లో ఇరాన్ మీద మేవాలాల్ కొట్టిన ఒక్క గోలుతో భారత్‌కు బంగారు పతకం వచ్చింది. కోచ్ రహీం సాబే.

మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్స్. అక్కడ గర్వభంగం తప్పలేదు. యుగోస్లావియా చేతిలో 10-1. మనవాళ్లలో చాలామంది అప్పటికింకా ఉత్తి కాళ్లతోనే ఆడేవాళ్లు. ఎండాకాలం మట్టి నేల మీద అది చెల్లుతుంది. ఫిన్లాండ్ చలిలో, తడి గడ్డి మీద, బూట్లేసుకున్న వాళ్ల ఎదుట ఎలా చెల్లుతుంది? ఆ దెబ్బతో దేశంలో బూట్లు తప్పనిసరి చేశారు. ఉత్తి కాళ్ల ఆటను వీరగాథగా చెప్పుకోవడం మనకు బాగా ఇష్టం. నిజానికి ఆ ముచ్చట మనకు పది గోళ్ల ఖరీదు పడింది.

నాలుగేళ్లు తిరిగాయి. 1956 మెల్‌బోర్న్. క్వార్టర్ ఫైనల్లో ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో కొట్టారు. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్. సెమీఫైనల్లో యుగోస్లావియా చేతిలో, కాంస్యం పోరులో బల్గేరియా చేతిలో ఓడినా నాలుగో స్థానం దక్కింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్ అంతకు మించి ఎప్పుడూ వెళ్లలేదు. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, హైదరాబాదులో పుట్టి సైన్యం తరఫున ఆడిన గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్... ఇలా హైదరాబాదు పేర్లు లెక్కపెడుతూ పోతే ఒక చేతి వేళ్లు చాలవు.

ఇంకొకాయన పేరు విడిగా చెప్పుకోవాలి. తులసీదాస్ బలరాం. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు. ఇంట్లో పేదరికం. బూట్లు కొనే స్తోమత లేదు. పోలీసులు వాడి పడేసిన పాత బూట్ల తోలుతో చెప్పులు కుట్టేవాడి దగ్గర ఫుట్‌బాల్ బూట్లు చేయించుకున్నానని పెద్దయ్యాక ఆయనే చెప్పుకున్నారు. బలరాం పోలీస్ జట్టులో ఆడలేదు. రైడర్స్ క్లబ్బుకు, సిటీ కాలేజ్ ఓల్డ్ బాయ్స్‌కు ఆడారు. అయినా పోలీసు తోలే ఆయన్ని నడిపించింది! రహీం సాబ్ కంట పడ్డారు, 20 ఏళ్లకే మెల్‌బోర్న్ వెళ్లారు. 1957లో ఈస్ట్ బెంగాల్ పిలిస్తే కలకత్తా వెళ్లిపోయారు. ఊపిరితిత్తుల జబ్బుతో 1963లోనే ఆట మానాల్సి వచ్చింది. ఆ తర్వాతా బెంగాల్‌లోనే ఉండిపోయారు. 2023 ఫిబ్రవరిలో అక్కడే పోయారు.

జకార్తా తర్వాత

1962 జకార్తా ఆసియా క్రీడలు. ఫైనల్లో దక్షిణ కొరియా. తలకు కుట్లు పడ్డ జర్నైల్ సింగ్‌ను వెనక నుంచి తీసుకొచ్చి ముందు వరసలో నిలబెట్టారు రహీం సాబ్. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి. 2-1. బంగారం. ఆ పదకొండు మందిలో ఆంధ్రప్రదేశ్ పోలీస్ ఆటగాడు యూసుఫ్ ఖాన్ ఉన్నారు. ముందు వరసలోనైనా, వెనక వరసలోనైనా, ఎక్కడ నిలబెడితే అక్కడ ఆడగల మనిషి. తర్వాత అర్జున అవార్డు అందుకున్నారు.

గెలిపించిన కోచ్ ఒంట్లో అప్పటికే ఊపిరితిత్తుల కాన్సర్ ఉంది. ఏడాది తిరక్కుండా, 1963 జూన్ 11న రహీం సాబ్ కన్నుమూశారు. 54 నిండలేదు. భారత ఫుట్‌బాల్‌కు ఆసియా క్రీడల్లో మళ్లీ బంగారం రాలేదు. ఆంధ్రప్రదేశ్ పోలీస్‌కు 1963 తర్వాత మళ్లీ రోవర్స్ కప్పు రాలేదు. రెండూ ఒకే మనిషితో పోయాయంటే కాకతాళీయం అనుకోవడం కష్టం.

కానీ ఒక్క మనిషి పోతే ఇంత పెద్ద జట్టు ఎందుకు చితికిపోవాలి? మోహన్‌బగాన్‌కు 1889 నుంచి ఎంతమంది కోచ్‌లు మారలేదు? ఎన్ని ఓటములు చూడలేదు? అది ఇప్పటికీ ఉంది. తేడా ఎక్కడుందంటే, మోహన్‌బగాన్‌కు సభ్యులున్నారు. చందా కట్టేవాళ్లు, ఓడిన రోజు అన్నం మానేసేవాళ్లు, ఎన్నికల్లో కొట్టుకునేవాళ్లు. సొంత మైదానముంది. మన సిటీ పోలీస్‌కు అవేవీ లేవు. అది ఒక శాఖ జట్టు. పై అధికారికి ఆట మీద ప్రేముంటే ఉద్యోగాలొస్తాయి, సాధనకు వెసులుబాటు దొరుకుతుంది. తర్వాత వచ్చినాయనకు ఆ ప్రేమ లేకపోతే బందోబస్తు డ్యూటీ ముందు, బంతి తర్వాత. అందులో అధికారి తప్పూ లేదు, పోలీసు శాఖ పని ఫుట్‌బాల్ కాదు కదా! ఆ జట్టు గెలిచినప్పుడు ఊరు మురిసింది. నిలబెట్టుకునే బాధ్యత మాత్రం ఊరిది కాకుండా పోయింది.

ఇంకో దెబ్బ కలకత్తా రైలు. అక్కడి క్లబ్బులు డబ్బిచ్చేవి. కానిస్టేబుల్ జీతం, కలకత్తా పిలుపు పక్కపక్కన పెడితే ఏ కుర్రాడైనా ఏం చేస్తాడు? రహీం సాబ్ ఉన్నన్నాళ్లు కొందరు ఆయన కోసం ఆగారు. ఆయన పోయాక ఆపేవాళ్లు లేరు. 1966లో నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్ ఈస్ట్ బెంగాల్ చేరారు. నయీం 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టుకు కెప్టెన్. హబీబ్‌ను కలకత్తా 'బడే మియా' అని నెత్తిన పెట్టుకుంది. 1977లో పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ మీద మోహన్‌బగాన్ 2-2 చేసిన మ్యాచ్‌లో ఒక గోలు హబీబ్‌ది. తర్వాత ఆయన తమ్ముడు అక్బర్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్... హైదరాబాదు పండించింది, కలకత్తా తిన్నది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తర్వాత చెప్పుకోదగ్గ పంట ఇంటికి చేరలేదు. 1983లో కపిల్ దేవ్ కప్పెత్తాక వీధుల్లో బంతి సైజు కూడా మారిపోయింది.

ఇప్పుడేముంది?

2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. ఇండియన్ సూపర్ లీగ్‌లో. జీతాలు, విదేశీ ఆటగాళ్లు, టీవీ వెలుగులు. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఛాంపియన్ అయింది. ఊళ్లో పాతతరం వాళ్లకు ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాత డబ్బు కష్టాలు, జీతాల గొడవలు. 2025లో ఆ జట్టు కాస్తా చేతులు మారి ఢిల్లీ వెళ్లిపోయింది. పేరు కూడా ఢిల్లీ పేరే. శాఖ జట్టుకు అధికారి మనసెలాగో, కంపెనీ జట్టుకు యజమాని జేబు అలాగ. మధ్యలో ఊరు మళ్లీ గ్యాలరీలోనే కూర్చుంది.

2024 డిసెంబర్లో సంతోష్ ట్రోఫీ ఆఖరి పోటీలు హైదరాబాదులో జరిగాయి. 31 రాత్రి ఫైనల్లో బెంగాల్, కేరళ తలపడ్డాయి. అదనపు నిమిషాల్లో ఒక్క గోలుతో బెంగాల్ గెలిచింది. ఆతిథ్యం మనది, ఆట వాళ్లది. సరిగ్గా నెల తిరిగాక, 2025 జనవరి 31న, పోలీసుల కవాతులకు, ఆటలకు నెలవైన గోషామహల్ స్టేడియంలో కొత్త ఉస్మానియా ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. మైదానం పోతుందని చుట్టుపక్కల వాళ్లు అభ్యంతరం చెప్పారు. ఆసుపత్రి వద్దనడం ఎవరికైనా కష్టమే. ఊరి నడిబొడ్డున అంత నేల మళ్లీ దొరకడం ఇంకా కష్టం.

రహీం సాబ్ మీద 2024లో 'మైదాన్' అని హిందీ సినిమా వచ్చింది. అజయ్ దేవ్‌గణ్ వేశారు. హెల్సింకీ నుంచి జకార్తా దాకా భారత జట్టు కథ. చూసినవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఐదేళ్లు వరుసగా బొంబాయి వెళ్లి కప్పు తెచ్చిన పోలీసుల మీద మాత్రం ఇంకా ఎవరూ తీయలేదు.

అన్నట్టు, ఆ ఐదు వరుస విజయాల రికార్డును ఎవరూ కొట్టలేదు. ఇక కొట్టలేరు కూడా. 2000-01 తర్వాత రోవర్స్ కప్పే జరగలేదు.